యూనిక్స్ సర్వరులో చెరిగిపోయిన డివైస్ ఫైళ్ల పునరుద్ధరణ

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక సంస్థలో జరిగిన సంగతి ఇది. సర్వరును శుభ్రపరచబూనిన ఒక యువకుడు తొందరపాటున '/డెవ్' అనే డైరెక్టరీలోని ఫైళ్లను చెరిపివేశాడు. కొద్దిసేపటికే ప్రింటరు పనిచేయడం మానింది. కొత్తగా ఎవరికీ లాగిన్ సాధ్యం కాలేదు. డిస్కు పోయిందని అందరూ నిశ్చయించుకొని, సాయంత్రానికల్లా దానిని ఫార్మాట్ చేసి యూనిక్స్‌ను మళ్లీ ఎక్కించారు. ఆ డిస్కులో ఆ సంవత్సరపు ఉపకారవేతనాల దరఖాస్తులున్నాయి. కొల్లేటి లంకల నుండి, తాడేపల్లిగూడెం పరిసర గ్రామాల నుండి వచ్చే పిల్లలు ఆదాయ ధ్రువపత్రాల కోసం మళ్లీ కార్యాలయాల చుట్టూ తిరిగారు. కొందరికి గడువు దాటిపోయింది. యువకుడు చెరిపినది ఆ దరఖాస్తులను కాదనీ, వాటిని పోగొట్టినది మా కంగారేననీ నాకు చాలాకాలం తర్వాత బోధపడింది. భాషాధ్యాపకుడినైన నేను ఈ విషయంపై కలం పట్టడానికి అదే కారణం.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల కృషితో ఆవిర్భవించింది. డిస్కు, టేపు, ప్రింటరు, టెర్మినల్ వంటి పరికరాలను సైతం ఫైళ్లవలెనే పేరుపెట్టి పిలవడం దాని విశిష్టత. ఆ పేర్లే డివైస్ ఫైళ్లు. 'ఎల్ఎస్ -ఎల్' అనే ఆజ్ఞతో వాటిని పరిశీలిస్తే, సాధారణ ఫైలుకు పరిమాణం కనిపించేచోట రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది మేజర్ సంఖ్య. ఏ డ్రైవరును పిలవాలో అది చెబుతుంది. రెండవది మైనర్ సంఖ్య. ఆ డ్రైవరు అధీనంలో ఉన్నవాటిలో ఏ పరికరమో అది చెబుతుంది. వరుస మొదట 'సి' ఉంటే అక్షరాల ధారగా పనిచేసే పరికరం, 'బి' ఉంటే డిస్కువలె దిమ్మెలు దిమ్మెలుగా చదివే పరికరం. ఇంతకుమించి ఆ ఫైలులో ఏమీ లేదు.

పవరుపేటలో ఒక ఇంటి గుమ్మం మీది నంబరు పలక ఊడిపోయిందనుకోండి. తపాలా బంట్రోతు తికమకపడతాడు గాని ఇల్లు కూలిపోదు. లోపలివారు లోపలనే ఉంటారు. మన ఉర్దూ విభాగపు మిత్రుల మాటలో చెప్పాలంటే 'పతా' పోయింది, 'మకాన్' పోలేదు. '/డెవ్/ఎస్‌డిఏ1' అనే పేరును చెరిపినంత మాత్రాన ఆ డిస్కు భాగంలోని ఒక్క అక్షరం కూడా చెరగదు. అప్పటికే మౌంటు చేసి ఉన్న డిస్కు యథాప్రకారం పనిచేస్తుంది. ముందే పరికరాన్ని తెరచి ఉంచుకొన్న ప్రోగ్రాములూ నడుస్తూనే ఉంటాయి. కనుక యంత్రాన్ని ఆపరాదు. తెరచి ఉన్న రూట్ టెర్మినల్‌ను మూయరాదు. దానిని మూసిన తర్వాత మరొకటి తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

పేరును తిరిగి సృష్టించే ఆజ్ఞ 'ఎంకెనోడ్'. లినక్స్‌లో మొదటి డిస్కు మొదటి భాగానికి 'ఎంకెనోడ్ /డెవ్/ఎస్‌డిఏ1 బి 8 1' అని ఇస్తే సరిపోతుంది. ఈ సంఖ్యలను ఊహించి వేయరాదు. '/ప్రాక్/పార్టిషన్స్' అనే ఫైలులో కెర్నల్ తానెరిగిన డిస్కులను సంఖ్యలతో సహా చూపుతుంది. సంఖ్య తప్పితే ఒకరి పలకను మరొకరి గుమ్మానికి తగిలించినట్లవుతుంది, ఆపైన వ్రాసినదంతా ఆ ఇంట్లో పడుతుంది. ఇతర యూనిక్స్‌లలో సంఖ్యలు వేరు, పద్ధతులూ వేరు: హెచ్‌పీ-యూఎక్స్‌లో 'ఇన్ఎస్ఎఫ్', సొలారిస్‌లో 'డెవ్‌ఎఫ్ఎస్ఏడీఎమ్', ఏఐఎక్స్‌లో 'సీఎఫ్‌జీఎమ్‌జీఆర్'. పాత బీఎస్‌డీ యంత్రాలలో 'మేక్‌డెవ్' అనే స్క్రిప్టు ఈ పని చేసేది. అయితే అది ఉండేదీ '/డెవ్'లోనే!

'/డెవ్/నల్' విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దానిలో ఏది పోసినా మాయమవుతుంది. అది చెరిగిన మరుక్షణం, రూట్ అధికారంతో నడిచే ఏదో ఒక ప్రోగ్రాము తన వ్యర్థాన్ని అక్కడ పోయబోతుంది. పేరు లేనందున అదే పేరుతో ఒక మామూలు ఫైలు పుడుతుంది. చూసేవారికి '/డెవ్/నల్' ఉన్నట్లే కనిపిస్తుంది, కాని అది మింగవలసినది మింగక నిల్వ చేస్తూ పెరుగుతూ ఉంటుంది. సాధారణ వినియోగదారులకు మాత్రం అనుమతి నిరాకరణ ఎదురవుతుంది. అందువల్ల ముందుగా ఆ దొంగ ఫైలును తొలగించి, వెంటనే 'ఎంకెనోడ్ -ఎమ్ 666 /డెవ్/నల్ సి 1 3' అని ఇవ్వాలి. 666 అన్నది అందరికీ చదివే, వ్రాసే అనుమతి. దానిని మరిస్తే సగం పనే చేసినట్లు.

ఇంతకంటె కష్టదశలోనూ నిలదొక్కుకొన్నవారున్నారు. ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ఉదంతం 1986లో లోకానికి వెల్లడైంది. ఒక వాక్స్ యంత్రంలో ఎవరో మూల డైరెక్టరీ నుండి అన్నిటినీ చెరిపే ఆజ్ఞ ఇచ్చారు. మధ్యలో ఆపేసరికే '/బిన్', '/ఈటీసీ', '/డెవ్' పోయాయి. బ్యాకప్ టేపులున్నాయి గాని టేపు పరికరానికి పేరు లేదు. పేరు పెట్టే 'ఎంకెనోడ్' కూడా '/ఈటీసీ'తోపాటే పోయింది. అదృష్టవశాత్తు ఒక టెర్మినల్‌లో ఈమాక్స్ ఎడిటర్ తెరచి ఉంది. ఆ బృందం యంత్రభాషలో అతిచిన్న ప్రోగ్రాము కూర్చి, దాని బైట్లను చేతితో ఎక్కించి, '/టెంప్' పేరును '/ఈటీసీ'గా మార్చింది. ఆ తర్వాత 'ఎంకెనోడ్' తెచ్చుకొని, టేపుకు పేరుపెట్టి, పోయినదంతా రాబట్టింది. తెరచి ఉన్న టెర్మినల్‌ను మూసి ఉంటే ఈ కథే లేదు.

నేటి లినక్స్‌లో ప్రమాదం కొంత తగ్గింది. 2009లో వచ్చిన 'డెవ్‌టీఎమ్‌పీఎఫ్ఎస్' వల్ల '/డెవ్' జ్ఞాపకశక్తిలోనే ఉండి, యంత్రాన్ని పునఃప్రారంభించినప్పుడు కెర్నల్ చేత మళ్లీ సృష్టించబడుతుంది. '/డెవ్' డిస్కు మీదనే ఉండే పాత యూనిక్స్‌లో అదే పని ప్రాణాంతకం కావచ్చు. '/డెవ్/కన్సోల్' లేక యంత్రం మేలుకొనకుండా నిలిచిపోవచ్చు. అందుచేత మన సర్వరు ఏ తరగతికి చెందినదో ముందుగానే తెలుసుకొని ఉండాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. 'ఎల్ఎస్ -ఎల్ /డెవ్' ఇచ్చే జాబితాను కాగితంపై ముద్రించి, సర్వరు గది బీరువా తలుపుకు లోపలివైపు అతికించే ఏర్పాటు చేయించండి. కొత్త పరికరం చేర్చిన ప్రతిసారీ ఆ కాగితాన్ని మార్పించండి. ఆ జాబితా సర్వరులోనే ఉంటే అవసరమైననాడు తెరవలేకపోవచ్చు.