వారానికో సీసాడు నీళ్లు

కొమ్మ కోసి సీసాలో పెట్టే పని మే నెలలో మొదలుపెట్టొద్దు. టీచర్లకు, కాలేజీల్లో పనిచేసేవాళ్లకు తీరిక చిక్కేది అప్పుడే, నిజమే. కానీ కడప జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో కిటికీ గట్టు మీది సీసాలో వేలు పెట్టి చూడండి, నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. మునిగి ఉన్న కాడ ఊపిరి తీసుకునేది ఆ నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌తోనే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 40 డిగ్రీలకు అది ఆరున్నరకు దిగిపోతుంది. అదే వేడికి కోత దగ్గర చేరిన సూక్ష్మజీవులు మాత్రం జోరందుకుంటాయి. వేరు పుట్టకముందే కాడ మెత్తబడి నీళ్లు కంపు కొడతాయి. ఇంట్లో ఎవరో ఒకరు "నీ చెయ్యి మంచిది కాదులే" అంటారు. చేతిది తప్పేం లేదు, అదును చూసుకోలేదంతే.

తొలకరి పడి గాలి చల్లబడ్డాక, జూలై నుంచి నవంబరు దాకా ఈ పనికి మంచి కాలం. డిసెంబరు, జనవరి నెలల్లో చలికి వేర్లు ఆలస్యమౌతాయే గానీ కాడ కుళ్లదు. ఫిబ్రవరి కూడా పరవాలేదు. ఇల్లు మారాల్సి వచ్చో, బదిలీ అయ్యో ఎండాకాలంలోనే తప్పనిసరైతే, ఇంట్లో మంచినీళ్ల కుండ పెట్టే చోట, కుండ కింది తడి ఇసుక పక్కన సీసా పెట్టండి. ఇంట్లోకెల్లా చల్లటి మూల ఏదో పెద్దవాళ్లు ఏనాడో వెతికి పెట్టారు.

ఉద్యోగం చేసేవాళ్లకు ఈ పద్ధతి ఎందుకు కుదురుతుందంటే, పని వారానికి ఒక్కసారే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో, బట్టల అంగళ్లలో పనిచేసేవాళ్లు ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం, పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గని, ఇవన్నీ షిఫ్టుల కొలువులు. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. కుండీలో మొక్క పెడితే మన ఎండలకు పొద్దునా సాయంత్రం చూసుకోవాలి. సీసాలో కొమ్మకు సెలవు రోజున పది నిమిషాలు చాలు. మిగతా ఆరు రోజులు దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. వేరొచ్చిందా లేదా అని రోజూ పైకి లాగి చూసేవాళ్లున్నారు. అప్పుడే మొలిచిన వేరు కొస సీసా మూతికి తగిలితే తెగిపోతుంది. గాజు సీసా వాడేది బయటి నుంచి చూడటానికే కదా.

ఇక కోత. చెన్నూరు వైపు ఆకుతోటల వాళ్లకు దీని గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తమలపాకు తీగను గణుపులతో సహా ముక్కలు కోసి నాటుతారు, వేరు వచ్చేది గణుపు దగ్గరే కాబట్టి. మనీ ప్లాంటుదీ అదే తీరు. ఆకు కాడ తీగను కలిసే చోట గోధుమరంగు బుడిపె కనిపిస్తుంది. వేరు అక్కడ ముందే తయారై కూర్చుని ఉంటుంది, నీళ్లు తగలడమే ఆలస్యం. ఆ బుడిపె నీళ్లలో మునగకపోతే మిగతాదంతా వృథా. ఆకు ఒక్కటే తుంచి సీసాలో పెడితే నెలల తరబడి పచ్చగానే ఉంటుంది, కొత్త చిగురు మాత్రం వేయదు. చిగురు పుట్టేదీ గణుపులోనే మరి.

జానెడు తీగ చాలు, రెండు మూడు గణుపులుండాలి. కింది గణుపుకు అర అంగుళం కింద పదునైన బ్లేడుతో కోయండి. మొద్దు కత్తెర కాడను నలిపేస్తుంది, నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. కోతకు ముందు బ్లేడును శానిటైజరుతో తుడిస్తే చాలు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి పైన ఒకటో రెండో ఉంచండి. అవి కూడా తీసేస్తే వేరు ఆలస్యమౌతుంది. వేరు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోను తయారయ్యేది చిగురులో, లేతాకుల్లో. అది పైనుంచి కిందికి దిగుతుంది. అందుకే తలకిందులుగా పెట్టిన కొమ్మ వేరు పట్టడానికి మొరాయిస్తుంది. ఆకుల్లేని ముక్కలు పెట్టేటప్పుడు ఏది పైనో మరిచిపోతాం కాబట్టి, కింది కొస ఏటవాలుగా, పై కొస అడ్డంగా కోసే అలవాటు చేసుకోండి.

అసలు చిక్కు నీళ్లతో. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నేలంతా సున్నపురాయి. నాపరాళ్ల గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ అక్కడ ఉన్నది అందుకే. ఆ రాతిలోంచి వచ్చే బోరు నీళ్లు స్టీలు బిందెకు తెల్లటి చార కడతాయి. వేరు పట్టకుండా అవి పూర్తిగా అడ్డుకోవు గానీ, ఉప్పు ఎక్కువైనకొద్దీ కాడ నీళ్లు పీల్చుకోవడానికి తంటాలు పడుతుంది, ఆకు అంచులు మాడతాయి. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల) హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా. నన్నడిగితే కొమ్మలకు 500 లోపైతే నిశ్చింత, వెయ్యి దాటితే ఆ నీళ్లు వద్దు. క్యాన్ నీళ్ల ప్లాంటు వాళ్ల దగ్గర పెన్నులాంటి మీటరుంటుంది, మీ ఇంటి బోరు నీళ్లు ఓ గ్లాసుడు తీసుకెళ్తే క్షణంలో చూసి చెప్తారు.

కొళాయి నీళ్లలో ఉండేది క్లోరిన్. వెడల్పు గిన్నెలో రాత్రంతా తెరిచి పెడితే చాలావరకు పోతుంది. ఉప్పు అలా పోదు, వారం ఉంచినా పోదు. కాచితే సున్నం కొంత అడుగున పేరుకుంటుంది. పైనీళ్లు తేర్చుకుని బాగా చల్లార్చండి. కాచినప్పుడు ఆక్సిజన్ కూడా పోతుంది కాబట్టి రెండు చెంబుల మధ్య కాసేపు తిరగబోయాలి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే క్యాన్ నీళ్లు వాడండి, సీసాకు పట్టేదే గ్లాసుడు. వానాకాలమైతే మిద్దె మీద గిన్నె పెట్టి పట్టుకున్న వాననీళ్లకు మించినవి లేవు.

ఆఫీసుల్లో, బ్యాంకుల్లో ఇంకో మంచి నీటి వనరు వృథాగా పోతుంటుంది. ఏసీ గొట్టం నుంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్లు గాలిలోని తేమే. వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. దుమ్ము, లోపలి రాగి గొట్టాల మరక కొంచెం కలిసి రావచ్చు కాబట్టి గుడ్డలో వడగట్టి, సగానికి సగం మామూలు నీళ్లు కలిపి వాడండి. తాగడానికి మాత్రం పనికిరావు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సరుకు ఇంటి ఆర్వో ఫిల్టరు పక్క గొట్టంలోంచి వదిలే నీళ్లు. వృథా చేయకూడదని కొందరు మొక్కలకు పోస్తుంటారు. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే. ఇల్లు కడుక్కోవడానికి సరే, సీసాలోకి మాత్రం రానివ్వొద్దు.

మన జిల్లాలో ఫ్లోరైడు ఎక్కువున్న బోర్లూ ఉన్నాయి. లక్కీ బాంబూ, స్పైడర్ ప్లాంటు లాంటివి ఫ్లోరైడుకు ఓర్వలేవు, ఆకు కొసలు మాడిపోతాయి. అలాంటి ఊళ్లో మనీ ప్లాంటో సింగోనియమో పెట్టుకోవడం తెలివైన పని. అన్నట్టు లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా.

సీసాకు డబ్బు ఖర్చు పెట్టొద్దు. మూతి సన్నగా ఉన్న గోధుమరంగు సిరప్పు సీసా బాగా కడిగి వాడితే వెలుతురు లోపలికి తక్కువ పోతుంది, పాచి పట్టదు. తెల్ల సీసా ఐతే కిందిభాగానికి కాగితం చుట్టండి. అన్ని కొమ్మలూ ఒకే సీసాలో కుక్కొద్దు; ఒకటి కుళ్లితే మిగతావాటికీ చేటు. పడమటి కిటికీలో నేరుగా ఎండ పడే చోటు వద్దు, ఏసీ గాలి మొహాన కొట్టే చోటూ వద్దు. కౌంటరు మీద ట్యూబులైటు వెలుగుకు వేరు పట్టిన మనీ ప్లాంటు బతుకుతుంది గానీ, కొత్త కొమ్మను మొదటి నెల కిటికీ దగ్గరే ఉంచాలి.

పోతే, వేర్లకు అనువైన కాలమే దోమలకూ అనువైనది. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ మురుక్కాలువ చుట్టూ తిరగదు, ఇంట్లో నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వెచ్చటి రోజుల్లో వారం పది రోజులు సరిపోతాయి. ఆరోగ్య శాఖ శుక్రవారం డ్రై డే పాటించమనేది అందుకే, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త మనీ ప్లాంటు సీసా ఎత్తి చూసేదీ అందుకే. కాబట్టి నీళ్లు మార్చడం అంటే పాతవాటి మీద కొత్తవి పోయడం కాదు. మొత్తం మట్టిలో పారబోసి, సీసా లోపలి గోడను బ్రష్షుతో రుద్దాలి. ఈడిస్ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని, ఎండినా నెలల తరబడి చావవు. నింపాక మూతి చుట్టూ దూది గానీ గుడ్డపీలిక గానీ వదులుగా దోపండి. మీ వారపు సెలవు శుక్రవారం కాకపోతే ఏ రోజైనా సరే, వారం మాత్రం దాటనివ్వొద్దు.

మనీ ప్లాంటుకు వారం పది రోజుల్లో తెల్లటి మొన కనిపిస్తుంది. కోలియస్, పుదీనా ఇంకా తొందర. మార్కెట్లో కొన్న పుదీనా కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి పెడితే చాలు. స్నేక్ ప్లాంటు, జీజీ ప్లాంటు నెలలు తీసుకుంటాయి, ఓపిక లేనివాళ్లు వాటి జోలికి పోవద్దు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంటు ఆకును ముక్కలు కోసి పెడితే పుట్టే పిల్లలకు ఆ అంచు ఉండదు, ముందే తెలిసి ఉండటం మంచిది.

వేరు రెండంగుళాలు పెరిగి పిల్లవేరు వేయగానే మట్టిలోకి మార్చాలి. చాలామంది వేర్లు సీసా నిండేదాకా చూసి మురిసిపోతారు. నీళ్లలో పెరిగిన వేరు నునుపుగా, పెళుసుగా ఉంటుంది, మట్టిని పట్టుకునే నూగు తక్కువ. ముదిరేకొద్దీ దానికి మట్టి అలవాటు కావడం కష్టం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి ఒక్కటే కుండీలో పోస్తే తడిసి బంకగా అయి, ఎండి నెర్రెలిచ్చి ఆ వేర్లను తెంపుతుంది. రేగడి ఒక వంతు, కట్టడం దగ్గర మిగిలిన ఇసుక ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలపండి. మొదటి వారం తడి ఆరనివ్వొద్దు, రెండో వారం నుంచి నీళ్లు తగ్గించండి. నాలుగు రోజులు తల వేలేసినా కంగారుపడి ఎరువులు పోయొద్దు.

మట్టి బాధ లేకుండా సీసాలోనే పెంచుకుంటామంటే మనీ ప్లాంటుకు అభ్యంతరం లేదు, ఏళ్ల తరబడి ఉంటుంది. క్యాన్ నీళ్లలో తిండి ఉండదు కాబట్టి రెండు నెలలకు ఆకులు పాలిపోతాయి. పులివెందుల వైపు అరటి, చీనీ తోటలకు డ్రిప్పులో కలిపే 19-19-19 ఎరువు ఉంటుంది కదా, అది లీటరు నీళ్లకు అర గ్రాము, నెలకోసారి. ఎక్కువేస్తే పాచి మీరు చూడలేనంత పడుతుంది.

మనీ ప్లాంటు పూయడం మీరు చూసి ఉండరు. తాహితి పక్కనున్న మోరియా దీవి దాని పుట్టిల్లు. పూతకు కావలసిన గిబ్బరెల్లిన్ హార్మోను తయారుకాని జన్యులోపం దానిలో ఉందని 2016లో పరిశోధకులు తేల్చారు. పూత లేదు, విత్తనం లేదు. ఊళ్లో ఉన్న ప్రతి మనీ ప్లాంటూ ఎవరింట్లోనో కోసిన తీగ ముక్కే. దొంగిలించి తెస్తేనే డబ్బొస్తుందన్న నమ్మకం ఒకటుంది. పక్క టేబులు అక్కనో అన్ననో అడిగి తీసుకోండి, అడిగితే కాదనేవాళ్లు తక్కువ, పైగా మంచి గణుపులున్న తీగ వాళ్లే చూసి కోసిస్తారు.

మనీ ప్లాంటు, డీఫెన్‌బేకియా రసం తగిలితే దురద, నోట్లో పడితే మంట. కోశాక చేతులు కడుక్కోండి, పాకే పిల్లలున్న ఇంట్లో ఎత్తుగా పెట్టండి. గన్నేరు కూడా నీళ్లలో సులువుగా వేరు పడుతుంది, కానీ మొక్కంతా విషం, అది నానిన నీళ్లూ విషమే. తాగే నీళ్ల సీసాలు వరసగా పెట్టుకునే ఆఫీసు బల్ల మీదికి దాన్ని తేనేవద్దు.

బదిలీ వస్తే కుండీలు లారీ ఎక్కించక్కర్లేదు. బయలుదేరే ముందు సాయంత్రం జానెడు తీగలు కోసి, కింది కొసలకు తడిగుడ్డ చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి మూతి వదులుగా కట్టండి. బస్సులో కాళ్ల దగ్గర నీడలో పెట్టుకుంటే రోజంతా ప్రయాణానికి తట్టుకుంటాయి. కారు అద్దం వెనక ఎండలో పెడితే గంటలో ఉడికిపోతాయి. కొత్త ఇంట్లో దిగగానే కింది కొస మళ్లీ కాస్త కోసి, గణుపు దెబ్బతినకుండా చూసుకుని నీళ్లలో పెట్టండి. సామాన్లు తర్వాత విప్పుకోవచ్చు.