రేకుల కప్పు వేయు విధము

తాటాకు కప్పును మాటిమాటికి నేయింపవలసి వచ్చుచున్నదనియు, నేయు మనుష్యులు దొరకుట లేదనియు తలచి, పశువుల పాకకును ధాన్యపు కొట్టునకును రేకులు వేయించు సభ్యులు నానాటికి హెచ్చుచున్నారు. రేకు మంచిదే. నిప్పునకు అంటుకొనదు, చెదలు పట్టదు. అయితే తాటాకునకు గల యొక సుగుణము దీనికి లేదు. తాటాకు గాలికి కొంచెము కొంచెముగా చెదరును. రేకు ఊడినచో ఒక్కసారిగా ఊడి, కత్తివలె ఎగిరి, పొరుగువాని పశువు మీదనో మనుష్యుని మీదనో పడును. కావున ఎంత దళసరి రేకు కొంటిమి అనుదానికంటె దానిని ఎట్లు బిగించితిమి అనునదే ముఖ్యమని మా అభిప్రాయము. ఇది మాకు పుస్తకములవలన గాక నష్టమువలన కలిగిన అభిప్రాయము.

బాపట్ల ప్రాంతమున ఒక గ్రామములో విత్తనపు కొట్టునకు మేమే దగ్గరనుండి రేకులు వేయించితిమి. ఖర్చు తగ్గింపవలెనను తలంపుతో, చూరు వెంబడి గూడ నాలుగు ముడతలకొక స్క్రూ చాలునంటిమి. మేస్త్రి చాలదనెను. మేము వినలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినపుడు మొదట మూల రేకు లేచినది. దాని వెనుక ఏడు రేకులు, ఒకదాని నొకటి లాగుకొని పోయినట్లు, వరుసగా పోయినవి. వరి మాగాణులలో చల్లుటకై దాచిన మినుము విత్తనము తడిసి, మూడవనాటికి బస్తాలలోనే మొలకెత్తినది. నీరు దిగిన పిమ్మట సభ్యులు హెచ్చు ధరకు విత్తనము వెదకి తెచ్చుకొనిరి. మమ్ము ఒక్క మాటయైనను అన్నవారు లేరు. మాకు అదియే యెక్కువ బాధగా నుండెను.

మూల రేకే మొదట ఏల లేచినది? గాలి గోడను తాకి పైకెగసి, చూరు దగ్గర కప్పును విడిచి దూకును. అచట కప్పు మీద పీడనము తగ్గుటచే గాలి రేకును పైకి పీల్చును. అదే సమయమున తలుపో కిటికీయో తెరచుకొన్నచో లోనికి చొచ్చిన గాలి క్రిందినుండి త్రోయును. ఈ లాగుడు మూలలలో మిక్కిలి హెచ్చు. చూరు వెంబడి, నడికొప్పు వెంబడి, ప్రక్క అంచుల వెంబడి కొంత తక్కువ. కప్పు నడుమ అన్నిటికంటె తక్కువ. మేము అంతటను ఒకే లెక్కగా వేయించుటయే తప్పు. మిక్కిలి చదునైన కప్పును గాలి సులభముగా లేపును. చూరు అడుగున్నర కంటె ముందునకు చాచినను అంతే.

రేకు వేయుటకు ముందు చట్రమును చూడుడు. రేకును పట్టెకు ఎంత గట్టిగా బిగించినను, పట్టె దూలమునకును, దూలము స్తంభమునకును, స్తంభము పునాదికిని గట్టిగా పట్టుకొని యుండనిచో, గాలి రేకులను వేరుగా గాక కప్పునంతయు ఒక్కటిగా లేపుకొని పోవును. మేకులతో కొట్టిన అతుకు లాగుడునకు నిలువదు. బోల్టులో ఇనుప పట్టీలో వేయవలెను. పిమ్మట ఒక త్రాటితో కప్పు చట్రమును మూలనుండి మూలకు రెండు విధముల కొలువుడు. రెండు కొలతలును సమానముగా నున్ననే చట్రము మూలమట్టముగా నున్నట్లు. నాట్లలో మొదటి త్రాడు వంకరయైనచో మడి యంతయు వంకర యగుట మీ రెఱిగినదే. మొదటి రేకు వ్రేలెడు తప్పినచో చివరి రేకు జానెడు తప్పును.

ముడతల రేకు బోదెలు తోలిన చేనువలె నుండును. ఎత్తు భాగమును బోదె యనియు పల్లమును చాలు అనియు అనుకొందము. చదునైన రేకు వంగిపోవును గాని ముడతలు పెట్టిన రేకు నిలుచును. తాటాకునకు మడతలవలన బిగువు వచ్చినట్లే. ఈ ముడతల రేకునకు 1829లో లండనులో పామరు అను ఇంజనీరు పేటెంటు పొందెను.

రేకులను వాన గాలి వచ్చు దిక్కునకు ఎదురుకొసనుండి మొదలుపెట్టవలెను. మన తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వాన ఈశాన్యమునుండి కొట్టును గనుక, నడికొప్పు తూర్పు పడమరలుగా నున్న కొట్టునకు పడమటి కొసన ఆరంభించి తూర్పునకు సాగవలెను. అప్పుడు పై రేకు అంచు గాలికి మరుగై యుండును. ప్రక్క అతుకు ఒకటిన్నర ముడత, నిలువు అతుకు ఆరు అంగుళములకు తక్కువ కారాదు. వాలు తక్కువైనచో తొమ్మిది. అయితే తుపాను కన్ను ఊరి మీదుగా పోవునపుడు గాలి నిలిచి, మరల ఎదురుదిక్కునుండి వీచును. కావున అతుకు వానకు మాత్రమే రక్ష; గాలికి స్క్రూయే రక్ష.

కప్పు మీద స్క్రూను బోదె మీదనే వేయుడు. నీరు చాలులో పారును, బోదె మీద నిలువదు. చూరు, నడికొప్పు, ప్రక్క అంచులు, మూలలు, ఈ చోట్ల ప్రతి బోదెకు ఒకటి. నడుమ బోదె విడిచి బోదెకు. చూరు దగ్గర పట్టెలను గూడ దగ్గరగా వేయవలెను. స్క్రూ తల క్రింది రబ్బరు వాషరు ఇనుప బిళ్ల అంచువఱకు ఉబ్బినంతనే నిలుపుడు. ఇంకను బిగించినచో రబ్బరు పగులును, బోదె నొక్కుకొని గుంటపడి అచటనే నీరు నిలుచును. కుఱ్ఱవాండ్రు యంత్రము చేతబట్టిన ఉత్సాహములో చేయు తప్పు ఇదియే. స్క్రూ నిటారుగా దిగవలెను. వాలినచో వాషరు ఒక ప్రక్కనే కూర్చుండును.

గోడ రేకులకు మాత్రము స్క్రూను చాలులోనే వేయవచ్చును. నిలువు గోడపై నీరు నిలువదు, రేకు పట్టెకు గట్టిగా అంటుకొనును. గోడ రేకును నేలకు ఆనింపరాదు. ఇటుక పునాది మీద కొంత ఎడముగా నిలుపుడు. పశువుల పాకలో ఇది మఱింత ముఖ్యము. పేడ, మూత్రము తగిలినచో జింకు పూత తినివేయబడును. యూరియా బస్తాలును రేకునకు ఆనరాదు. జింకు తాను కరగుచు ఇనుమును కాపాడును. అది తీరిన చోట త్రుప్పు ఆరంభమగును. పూత బరువును చదరపు మీటరునకు గ్రాములలో చెప్పుదురు. 120 గ్రాముల రేకు చౌక. ఉప్పుగాలి తగులు ఊళ్లవారు 275 గ్రాములది అడిగి కొనుడు. రేకును గ్రైండరుతో కోసినచో నిప్పురవ్వలకు పూత కాలును, కత్తెరతో కోయుడు. రంధ్రముల నుండి రాలిన ఇనుప పొడిని ఆ సాయంకాలమే ఊడ్చివేయుడు. లేనిచో మంచు తగిలి తెల్లవారునప్పటికి ఎఱ్ఱ మచ్చలు పడును.

గాలి వీచునపుడు రేకు నెత్తరాదు. కప్పు మీద పట్టె వెంబడి మాత్రమే అడుగు వేయుడు. పొడుగు రేకు కరెంటు తీగెకు తగిలినచో ప్రాణమునకే ప్రమాదము. తీగె ఎచటనున్నదో మొదట చూచి పని మొదలుపెట్టుడు.

తొలకరికి ముందు ఏటేట ఒక పని చేయుడు. మిట్టమధ్యాహ్నమున తలుపులు మూసి లోన నిలువుడు. వెలుతురు చుక్కవలె కనబడిన చోటనెల్ల సుద్దతో గుర్తు పెట్టుడు. చల్లబడిన పిమ్మట పైకెక్కి ఆ వాషరును మార్చుడు. రంధ్రము పెద్దదైనచో పాత స్క్రూను మరల త్రిప్పక, దానికంటె లావు స్క్రూను వేయుడు.