వెల హెచ్చినచో మేలు హెచ్చునా?

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని మనలో ఒక సామెత కలదు. చేరువలో నున్నదానిని, వెల లేకుండ దొరకుదానిని మనము చులకనగా చూతుము. పసిబిడ్డకు పట్టు పాల విషయమున ఈ పొరపాటు ప్రాణము మీదికి తెచ్చును.

బిడ్డకు మేలైనదే ఈయవలెనను తపన ఏ తల్లిదండ్రులకు ఉండదు? కూలి డబ్బు కూడబెట్టి పాలడబ్బా కొనితెచ్చు తండ్రి ప్రేమను మనము శంకింపము. కాని ఆ వెల దేనికి? పాలను పొడి చేయుటకు, డబ్బాకు, రవాణాకు, వర్తకుని లాభమునకు మనము చెల్లించుచున్నాము. తల్లి శరీరము బిడ్డకందించు రోగనిరోధక శక్తి అందు లేదు. కాన్పైన తొలి దినములలో వచ్చు పసుపు వన్నె ముర్రుపాలలో అది మెండు. వానిని పిండి పారబోయుట బిడ్డకు గల తొలి రక్షణను పారబోయుటయే.

మరియొక చిక్కు కలదు. డబ్బా త్వరగా అయిపోవునను భయముతో కొందరు పొడి తగ్గించి నీరు హెచ్చుగా కలుపుదురు. బిడ్డ కడుపు నిండును గాని ఒళ్లు చేయదు. నీరు, సీసా శుభ్రముగా లేనిచో విరేచనములు పట్టుకొనును. ఇట్లు ఖరీదైన పాలు త్రాగిన బిడ్డయే చిక్కి శల్యమగును.

ఇట్టి ప్రమాదములను గుర్తించియే 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకములకు నియమావళిని ఆమోదించినది. మన దేశమున 1992లో చట్టము చేసి, 2003లో దానిని మరింత కట్టుదిట్టము చేసిరి. రెండేండ్లలోపు శిశువుల పాలపొడికి, డబ్బా ఆహారమునకు ప్రకటనలు చేయుట నేరము.

మనము చేయవలసినదేమి? పుట్టిన గంటలోపలనే తల్లిపాలు పట్టవలెను. తేనె, చక్కెర నీరు నాకింపరాదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. వేసవిలోనైనను వేరుగ నీరు అక్కరలేదు. పిదప మెత్తని పప్పన్నము, ఆకుకూర, గ్రుడ్డు, రాగిజావ అలవాటు చేయుచు, రెండేండ్లు, ఆపైనను తల్లిపాలు కొనసాగింపవలెను.

మరి ఖర్చే వలదా? వలయును. బాలింతకు కడుపునిండ తిండి, ఇంటిపనిలో ఆసరా, తగిన విశ్రాంతి కావలెను. వీనికై వెచ్చించిన ప్రతి రూపాయి బిడ్డకు చేరును. తల్లి జబ్బుపడినను, పాలు చాలకున్నను, వైద్యుని సలహాపై డబ్బాపాలు పట్టుట తప్పు కాదు. అందుకు ఏ తల్లియు సిగ్గుపడ నక్కరలేదు. అయితే కాచిన నీటితో, చెప్పిన కొలత తప్పక కలుపవలెను.

అంగడిలోని వెలను చూచి కాదు, ఒడిలోని బిడ్డ అవసరమును చూచి మేలైనదానిని ఎంచుకొందము.