బోరు వేయకుండా బాయి తవ్వరు

సింగరేణి బొగ్గు గనుల ఊరు గోలేటిలో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బొగ్గు ఉందని అనిపించిన చోటల్లా సింగరేణి బాయి తవ్వదు. ముందు బోర్లు వేస్తుంది. బొగ్గు పొర (సీమ్) ఎంత లోతున ఉందో, ఎంత మందమో చూసుకుంటుంది. సెర్చ్ మార్కెటింగూ అంతే. జనం గూగుల్‌లో ఏ మాటలతో వెతుకుతున్నారో ముందు తెలియాలి. ఆ మాటలు కొట్టగానే మన గిరాకీ షాపు కనిపించాలి. ఇందుకు హైదరాబాద్‌లో ఆఫీసు అక్కర్లేదు, కంపెనీ క్వార్టర్లో ఓ మూల చాలు. సింగరేణిలో డిపెండెంటు (వారసత్వ) ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడిపేవాళ్లు మొదలుపెట్టదగ్గ పని.

ఈ పనితోనే నిలదొక్కుకున్నవాడి కథ ఒకటి చెబుతా. అమెరికాలోని సియాటిల్‌లో ర్యాండ్ ఫిష్కిన్ అనే కుర్రాడు చదువు మధ్యలో వదిలేసి, తల్లి జిలియన్ నడిపే చిన్న వెబ్ డిజైన్ సంస్థలో చేరాడు. వ్యాపారం సాగలేదు. అప్పు దాదాపు 5 లక్షల డాలర్లయింది. తల్లీకొడుకులు ఆ మాట తండ్రి చెవిన పడనివ్వలేదు. (అప్పు ఇంట్లో దాచడం మన దగ్గరే ఉందనుకుంటాం!) సెర్చ్ పని బయటివాళ్లకిచ్చే స్తోమత లేక తనే నేర్చుకున్నాడు. నేర్చుకున్నది రాత్రిళ్లు కూర్చుని రాసి, ఉచితంగా అందరి ముందూ పెట్టాడు. ఆ రంగంలో చాలామంది గుట్టుగా దాచుకునే కిటుకులవి. చదివినవాళ్లే గిరాకీలై వచ్చారు. 2007లో 11 లక్షల డాలర్ల పెట్టుబడి రావడంతో సలహాల పని తగ్గించి సాఫ్ట్‌వేర్ వైపు మళ్లాడు. అదే మోజ్ కంపెనీ. 2014లో సీఈఓ కుర్చీ దిగాడు, తనను కుంగదీసిన డిప్రెషన్ గురించి బాహాటంగా రాశాడు. 2018లో మోజ్‌నూ వదిలి స్పార్క్‌టోరో అనే కొత్త కంపెనీ పెట్టాడు. తన తప్పులన్నీ ఆ ఏడాదే పుస్తకంగా తెచ్చాడు.

అప్పు దాచినవాడు విద్య దాచలేదు. అతని కథలో నాకు నచ్చింది అదే.

ఇక మీ సంగతి. మంచిర్యాలలోనో కాగజ్‌నగర్‌లోనో తెలిసిన మోటారు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆయన బోర్డు మీద 'ఇంజినీరింగ్ వర్క్స్' అని ఉంటుంది. రైతు ఫోన్లో అడిగేదేమో 'బోరు మోటారు రిపేరు' అని. ఆ తేడా పట్టుకున్నారంటే మొదటి బోరు పడ్డట్టే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు పైసా ఖర్చు లేదు. పని వేళలు, ఫోన్ నంబరు, షాపు ఫొటోలు ఎక్కించండి. పని నచ్చినవాళ్లను రివ్యూ రాయమనండి, దొంగ రివ్యూల జోలికి పోకండి. 'నంబర్ వన్‌లో నిలబెడతా' అని మాటివ్వకండి. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ముగ్గురు గిరాకీలు కుదిరేదాకా మిత్తికి తెచ్చి కంప్యూటర్లు కొనకండి.

నెల తిరిగాక ఎన్ని ఫోన్లొచ్చాయో మెకానిక్‌నే అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్కటీ రాకపోతే అదీ రాయండి. ఆ నెల డబ్బులు అడగకుండా ఇంకో మాట వెతికి మళ్లీ బోరు వేయండి.