నెట్టుబలము ఎక్కడ నుండి వచ్చును?

మన మంగళవాడకు ఇరుగుపొరుగున నున్న రాయలసీమ పల్లెలలో తిరునాళ్ళ వేళ బండలాగుడు పోటీలు జరుగును. ఎద్దులకు కండబలమెంత యున్నను, గిట్టలు నేలపై జారినచో బండ కదలదు. యంత్రమునకును ఇదే చిక్కు.

జపాను దేశమున పుట్టిన రోబో సుమో పందెమును చూడుడు. 154 సెంటీమీటర్ల వ్యాసముగల గుండ్రని బరిలో రెండు యంత్రములు ఒకదాని నొకటి వెలుపలికి నెట్టుకొనును. పెద్ద తరగతిలో ఒక్కొక్కటి 3 కిలోగ్రాములు మించరాదు. ఇట్టి యంత్రమును చేయబూనిన విద్యార్థి మొట్టమొదట బలమైన మోటారును కొనదలచును. తల్లిదండ్రుల సొమ్ము తరచుగా వ్యర్థమగునది అక్కడనే.

లెక్క వేయుదము. 3 కిలోగ్రాముల యంత్రము నేలను సుమారు 29.4 న్యూటన్ల బలముతో నొక్కును. చక్రపు రబ్బరునకును బరికిని ఘర్షణ గుణకము 0.8 అనుకొందము. (కన్నడ పుస్తకములో ‘ఘర్షణె’ అని చదివినవారు బెదరనక్కరలేదు, మాట ఒక్కటే.) రెంటిని గుణించిన 23.5 న్యూటన్లు వచ్చును. మోటారు ఎంతటిదైనను ఆ యంత్రము అంతకుమించి నెట్టజాలదు. చక్రపు వ్యాసార్థము 3 సెంటీమీటర్లైనచో, చక్రములన్నిటికి కలిపి 0.7 న్యూటన్ మీటరు త్రిప్పుబలము చాలును. అంతకన్న ఎక్కువైన చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగును. జారుచున్న రబ్బరునకు పట్టు సాధారణముగా ఇంకను తగ్గును. చిన్న మోటారునకే పళ్ళచక్రములు జతచేసి వేగము తగ్గించినచో, త్రిప్పుబలము పెరుగును.

మరియొక పొరపాటు కలదు. మోటారు త్రిప్పని చిన్న చక్రముపై సగము బరువు పడినచో నెట్టుబలము కూడ సగమగును. కావున బ్యాటరీని మోటారు త్రిప్పు చక్రములకు సరిగా పైన అమర్చవలెను. ముందు భాగమున పలుచని వాలురేకు నుంచుటలో యుక్తి ఇదే: ఎదుటిదాని ముందుభాగము పైకి లేచి, దాని బరువులో కొంత మన చక్రములపైకి వచ్చును; దాని పట్టు సడలును. జపానులో పెద్ద తరగతి బరిని ఉక్కుతో చేయుదురు గనుక, యంత్రము అడుగున అయస్కాంతముల నమర్చి, బరువు పెంచకయే నొక్కుబలమును పెంచుకొందురు.

గుణకమును ఇంటనే కనుగొనవచ్చును. పాత చెప్పు అడుగు రబ్బరును ఇటుకకు కట్టి తూచుడు. రబ్బరువైపు నేలకానించి స్ప్రింగు త్రాసుతో అడ్డముగా లాగుడు. కదలబోవు క్షణమున త్రాసు చూపినదానిని బరువుతో భాగింపుడు. పిమ్మట ఆ రబ్బరునకే దుమ్ము పూసి మరల లాగి చూడుడు. పందెమునకు ముందు చక్రములను తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చుట ఎందులకో త్రాసే చెప్పును.