కొండ మీద రోమన్ నాణేలు

సూరత్ సమీపంలోని భేస్తాన్‌లో ఉంటూ గ్రూప్స్‌కు సిద్ధమవుతున్న తెలుగు అభ్యర్థులు తూర్పు, పడమర తీరాలను కలిపి చదవాల్సిన అంశం రోమన్ వర్తకం.

• తొట్లకొండ: విశాఖపట్నం–భీమిలి మార్గంలో ఉంది. ఎత్తు సుమారు 128 మీటర్లే అయినా పైనుంచి బంగాళాఖాతం విశాలంగా కనిపిస్తుంది. 1988–92 తవ్వకాల్లో మహాస్తూపం, విహారం, రాతిలో తొలిచిన నీటి తొట్లు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి.

• నాగార్జునకొండ: ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఇక్కడ రోమన్ బంగారు నాణేలు దొరికాయి.

• భరూచ్: సూరత్‌కు ఉత్తరాన నర్మదా తీరంలోని ప్రాచీన రేవు. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’లో దీని పేరు బరిగాజా. దక్కన్‌లోని పైఠాన్, తేర్‌ల సరుకు ఇక్కడికే చేరేది.

గుర్తుంచుకోండి: రోమన్ నాణేలు వర్తకానికి రుజువు, రోమన్ పాలనకు కాదు.