పాత బేస్ గిటారులో జరజర: లోపం ఎక్కడ?

పాత బేస్ గిటారులో ఒక తీగను వేలు ఆనించకుండా మీటితే జరజరమంటుంది. అదే తీగను ఏ మెట్టు దగ్గర నొక్కినా శుభ్రంగా పలికితే లోపం సాధారణంగా నట్‌లోనే ఉంటుంది. మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీయే నట్. వేలితో నొక్కినప్పుడు తీగ కంపనం నట్ దగ్గర కాక మెట్టు దగ్గర మొదలవుతుంది. అందుకే జరజర పోతుంది. ఏళ్ల రాపిడికి గాడి లోతైతే తీగ కిందికి దిగి మొదటి మెట్టుకు తగులుతుంది.

బస్తర్ వంటి చోట కొత్త నట్ వెంటనే దొరక్కపోయినా వాద్యాన్ని మూలన పడేయనక్కరలేదు. తీగను పక్కకు తప్పించి, గాడిలో చిటికెడు వంటసోడా నింపి, ఒక చుక్క సూపర్ గ్లూ వేయాలి. వేళ్లకు, కళ్లకు అంటనీయరాదు. సోడాలోని క్షారగుణం వల్ల జిగురు అణువులు క్షణాల్లో గొలుసులుగా అల్లుకుని గట్టిపడతాయి. ఆపై సన్నని ఆకురాయితో, తీగ మందానికి తగినట్టు గాడి తీయాలి. కొద్దికొద్దిగా అరగదీస్తూ తీగ పెట్టి చూసుకోవాలి. ఎక్కువ అరిగితే పని మళ్లీ మొదటికొస్తుంది.